ఎడమ దిక్కు పెదవి

మా అమ్మ ప్రార్థన చేసుకునేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. చర్చిలో కొత్తవాళ్ళు చూసి అదేదో భక్తి పద్ధతి అనుకుంటారు. అసలు సంగతి మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. మా అందరికీ పెదవులు చదవడం వచ్చు. కొంగు లేకపోతే ఆమె దేవుడికి చెప్పుకునేదంతా మాకు తెలిసిపోతుంది.

సాంచెల దగ్గర బతికినవాళ్ళకు ఈ విద్య దానంతటదే వస్తుంది. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఒక షెడ్డులో ఇరవై ముప్పై సాంచెలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని ముంబై పక్కనున్న మా భివండిలో సాంచెల మధ్య ఎవరూ అరవరు. గొంతు తీయకుండా, పెదవులు మాత్రం కాస్త పెద్దగా, నిదానంగా కదిలిస్తారు. ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. పని మాటలకు చేతి సైగలున్నాయి. రెండు చూపుడువేళ్ళు ఆనించి విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి గుండ్రంగా తిప్పితే కండెలు అయిపోయాయని. చెవి పట్టుకుంటే సేఠ్ వస్తున్నాడని. బొటనవేలు నోటివైపు వంచితే చాయ్.

మా బాపు శాంతి నగర్‌లో ముప్పై ఏళ్ళు సాంచెలు నడిపాడు. అమ్మ అదే కార్ఖానాలో ఓ మూల కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న పుల్ల. వాళ్ళిద్దరూ పెళ్ళయిన కొత్తలో ఏం మాట్లాడుకున్నా ఆ మోతలోనే, పెదవులతోనే మాట్లాడుకున్నారట. ఇప్పుడు బాపుకు చెవులు దాదాపు పోయాయి. సాంచెలు ఆయన వినికిడిని కొంచెం కొంచెంగా తీసుకున్నాయి. అయినా మా ఇంట్లో అదొక లోటుగా ఎవరికీ అనిపించలేదు. అమ్మ పెదవులు కదిపితే చాలు, ఆయన గది ఆ మూల నుంచి కూడా జవాబు చెప్పేవాడు. నా మాట ఆయనకు సగమే అందేది. నేను బడికి, ఆ తర్వాత కాలేజీకి పోయినదాన్ని, తొందరగా మాట్లాడతాను. "నీ నోరు ఉరుకుతది బిడ్డా, మీ అమ్మది నడుస్తది" అనేవాడు.

పాప పడుకున్నాక ఇదంతా రాస్తున్నాను. నాకు తెలుగు రాయడం వచ్చింది ఆదివారం బడిలోనే. తప్పులుంటే ఉండనీ.

ఆ గడ్డను మొదట చూసింది నా కూతురు. అప్పుడు దానికి నాలుగేళ్ళు. మేముండేది టెంఘర్‌లో, అమ్మావాళ్ళది నార్పోలి. ఆదివారం చర్చి అయ్యాక అక్కడికే పోతాం. ఆ రోజు మా పాప అమ్మమ్మను కూర్చోబెట్టి డాక్టరాట ఆడుతోంది. దాని మాటలు సగం తెలుగు, సగం మరాఠీ.

"అమ్మమ్మా, తోండ్ ఉఘడ్!"

నోరు తెరువు అని దాని అర్థం. అమ్మ తెరిచింది. పాప ఒక్కో పన్ను మీద వేలు పెట్టి లెక్కపెడుతూ కింది దవడ ఎడమవైపు ఆగిపోయింది.

"అమ్మా, అమ్మమ్మ నోట్లె చెండూ ఉంది."

చెండూ అంటే బంతి. నేను నవ్వుతూ వెళ్ళి చూశాను. పంటి కింద, చిగురుకు బుగ్గవైపున, శనగగింజకన్నా కొంచెం పెద్దగా నున్నటి ఉబ్బు. కాస్త నీలంగా ఉంది. వేలితో నొక్కితే గట్టిగా తగిలింది.

"నొస్తుందా?"

"లేదు. పోగు ఇరికిందే. ఏడాది కావస్తుంది."

"ఏడాదా? చెప్పలేదేంది?"

"పోగు ఇరికితే కూడ చెప్తరా ఎవలన్న?"

ఈ మాట బయటివాళ్ళకు అర్థం కాదు. కండెలు చుట్టే ఆడవాళ్ళు రోజుకు ఎన్ని ముళ్ళు వేస్తారో లెక్కలేదు. నూలు తెగిన చోట నాలుకతో వేళ్ళు తడి చేసుకుని, రెండు కొసలు మెలిపెట్టి ముడివేసి, మిగిలిన తోకను పళ్ళతో కొరికేస్తారు. కత్తెర వెతికేంత తీరిక ఉండదు. ఒక్కొక్కరికి ఒక్కో కొరికే పన్ను. అమ్మది ఎడమ దిక్కు కింది పన్ను. ఆ పంటి అంచున నూలు కోసిన చిన్న గాడి కూడా ఉంది. కొరికిన పోగు చిగురులో ఇరుక్కోవడం, వాచడం, ఇంకో గట్టి దారం పెట్టి దాన్ని లాగేయడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం. చిన్నప్పటినుంచీ చూశాను. కాబట్టి నేను కూడా నమ్మాను. కామర్స్ డిగ్రీ చదివిన నేను, పాపకు దగ్గొస్తే ఫోన్లో పది రోగాలు వెతికే నేను, అమ్మ నోట్లో గడ్డ చూసి "దారం పెట్టి లాగరాదు?" అన్నాను.

"రోజూ లాగుతనే ఉన్న. వస్తలేదు."

అమ్మతో కండెలు చుట్టే ఒకామె ఉండేది, వరసకు వదిన. మరో రెండు నెలలకు బుగ్గ బయటికి కూడా కొంచెం కనపడుతుంటే ఆమె ఏడిపించడం మొదలుపెట్టింది.

"ఏం వదినే, బుగ్గల లడ్డు దాసుకున్నవా? మాకు పెట్టవా?"

"నీకు పెడితే షుగర్ పెరుగుతదే" అంది అమ్మ.

అందరూ నవ్వారట. అమ్మ ఇంటికొచ్చి బాపుకు ఆ మాట చెప్పి మళ్ళీ నవ్వించింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. పెదవులు రెండు పక్కలకూ సమానంగా సాగేవి.

ఆ వారమే నేను అమ్మను గల్లీ చివర ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అడగకముందే నేనే చెప్పాను, మా అమ్మ నూలు కొరుకుతుంది, పోగు లోపల ఉండిపోయింది, చీము పట్టినట్టుంది అని. చదువుకున్నదాన్ని, గట్టిగా చెప్పాను. ఆయన చూసి, పన్ను కదులుతోంది, తీసేస్తే లోపలి చెత్తంతా వస్తుందన్నాడు. తీశాడు. అందులో పోగేం లేదు. చీమూ లేదు. "ఇగ మానుతుంది" అన్నాడు. అమ్మ పన్నును కాగితంలో చుట్టుకుని తెచ్చి, గాడి పడిన అంచు బాపుకు చూపించింది. "ఇన్నేండ్లు నౌకరీ చేసింది, పెన్షన్ ఇయ్యాలె" అన్నాడాయన.

పన్ను పోయిన చోట గుంట మానలేదు. గడ్డ ఆ గుంటలోకి పెరిగింది. మూడో నెలలో అదే డాక్టరు చూసి, ఈసారి నవ్వకుండా, ముంబైలో పెద్దాసుపత్రికి చీటీ రాశాడు.

ఠాణా దాకా షేర్ ఆటో, అక్కడినుంచి లోకల్. పాపను పక్కింటామె దగ్గర వదిలి నేనూ అమ్మా వెళ్ళాం. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళ ముఖాలు చూడలేక నేను నేల చూస్తూ కూర్చున్నాను. అమ్మ మాత్రం అందరినీ చూసింది. కొందరికి దవడ సగం లేదు. కొందరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

లోపల చిన్న వయసు డాక్టరు ఒకతను టార్చి వేసి చూసి, కాగితం మీద రాస్తూ అడిగాడు. "తంబాకు?"

"నై సాబ్" అంది అమ్మ.

"మిశ్రీ?"

మిశ్రీ అంటే పొగాకును నల్లగా కాల్చి పొడి చేసినది. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు పొద్దున్నే దాంతో పళ్ళు తోముకుంటారు. కండెల దగ్గర కూడా చెంగున ఓ డబ్బీ కట్టుకుని, మధ్యమధ్య వేలితో చిగుళ్ళకు రాసుకుంటారు.

"కభీ నై."

అతను తలూపాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. అది అయ్యాక, అమ్మ బయటికి వెళుతుంటే నన్ను ఆపి మెల్లగా అన్నాడు. ఇంట్లో సరిగ్గా అడగండి, ఆడవాళ్ళు చాలామంది దాస్తారు, మాకు నిజం తెలిస్తే మంచిది. అతను చెడుగా అనలేదు. రోజూ చూస్తున్నది అన్నాడు.

రైల్లో తిరిగొస్తూ నేను అమ్మను అడిగాను. లోకల్ మోతలో గొంతు లేకుండా, పెదవులతో అడిగాను.

"అమ్మా, నిజం చెప్పు. ఎన్నడన్న రాసినవా? ఒక్కసారన్న?"

అమ్మ నా పెదవులు చూసింది. ఆమెవి కదిలాయి. "లేదని చెప్పిన గద."

"కండెల కాడ అందరు రాస్తరు."

"అందరు రాస్తరు. నేను రాయలే."

తర్వాత కిటికీవైపు తిరిగింది. మా ఇంట్లో మాట ముగించాలంటే ముఖం తిప్పేస్తే చాలు.

నేను నమ్మలేదు. ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది నాకు. నాకు భయం ఎక్కువ, ఎప్పుడూ ఏదో ఒక కారణం కావాలి. పాపకు జ్వరమొస్తే నిన్న తిన్న ఐస్‌క్రీమ్ అనుకుంటేనే నాకు ఊపిరాడుతుంది. అమ్మ నోట్లో గడ్డకు కారణం మిశ్రీ అయితే, నేను అది రాసుకోను కాబట్టి నాకు రాదు, నా బిడ్డకు రాదు. అప్పుడిలా విడదీసి ఆలోచించలేదు. ఆ ఆలోచన మాత్రం లోపల ఉండే ఉంటుంది.

మరునాడు మా ఆయన గోదాములో డ్యూటీకి పోగానే పాపను ఎత్తుకుని నార్పోలి వెళ్ళాను. అమ్మ కుళాయి దగ్గర ఉంది. నేను ఆమె అర వెతికాను. చీరల మడతల్లో, పరుపు కింద, సామాను సంచిలో. బియ్యం డబ్బా వెనక ఓ చిన్న రేకు డబ్బీ దొరికింది. మిశ్రీ పెట్టుకునే డబ్బీలు అచ్చం అలాగే ఉంటాయి. మూత తీసి వాసన చూశాను. లవంగాలు, గళ్ళుప్పు. అంతే. అయినా అడుగున ఇంకేమైనా ఉందేమోనని వేలు పెట్టి కలిపి చూశాను.

"దొరికిందా బిడ్డా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని.

నేను డబ్బీ మూత పెట్టి యథాస్థానంలో పెట్టాను. అమ్మ బిందె దించింది. చేతులు తుడుచుకుంది. గోడ దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుంది. అది ఆమె ప్రార్థన వేళ కాదు. కొంగు భుజం మీదే ఉంది. నోటికి అడ్డం పెట్టుకోలేదు.

ఆమె పెదవులు సాంచెల మధ్య కదిలినట్టు పెద్దగా, నిదానంగా కదిలాయి.

"ప్రభువా. నేను తంబాకు ముట్టలే. నీకు ఎరుకే. నా బిడ్డకు ఎరుక చెయ్యి."

ఆమె నాతోనే మాట్లాడుతోందని నాకు తెలుసు. కొంగు తీసి ఉంచింది నేను చదవాలనే. పూర్తిగా చదివాను. చదివి, చదవనట్టు, పాప చెప్పులు వెతుకుతున్నట్టు ముఖం తిప్పుకున్నాను.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఈసారి బాపు కూడా వచ్చాడు. మాతో మాట్లాడింది పెద్ద డాక్టరమ్మ. ఆమె తెల్లకాగితం మీద నోటి బొమ్మ గీసి హిందీలో చెప్పింది. నోట్లో ఉమ్మి ఊరడానికి పెద్ద గ్రంథులు కొన్ని, కంటికి కనపడని చిన్నవి వందల్లో ఉంటాయట. పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో. చిగుళ్ళలో మామూలుగా ఉండవు. ఎవరికో ఒకరికి అక్కడా ఉంటాయి. అలాంటిదాంట్లో గడ్డ పుట్టడం ఇంకా అరుదు. అమ్మకు వచ్చింది అదే. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అని పేరు రాసిచ్చింది. నిదానంగా పెరుగుతుంది, నొప్పి చాలాకాలం ఉండదు, నరం పట్టుకుని లోపలికి పాకుతుంది. అందుకే చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుందని కూడా చెప్పింది.

"తంబాకు వల్ల వచ్చిందా?" అని నేనే అడిగాను. ఎందుకడిగానో. ఆ మాట అమ్మ ముందే తేలిపోవాలనేమో.

"లేదు. దీనికీ తంబాకుకూ సంబంధం ఉన్నట్టు ఎక్కడా తేలలేదు. నూలు కొరికినందుకూ కాదు. ఈమె చేసిన తప్పేం లేదు."

నేను అమ్మవైపు చూశాను. నావైపు చూస్తుందని, చూస్తే తలదించుకుందామని. ఆమె నన్ను చూడలేదు. డాక్టరమ్మ గీసిన బొమ్మనే చూస్తోంది.

ఆపరేషన్‌లో ఎడమ దవడ ఎముక కొంత తీసేస్తారు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముకలోంచే పోతుంది, దాన్నీ తీయాలి. పెదవిని కదిలించే నరం పక్కనే ఉంటుంది, దాన్ని కాపాడడానికి చూస్తాం, మాట ఇవ్వలేం అంది డాక్టరమ్మ. అప్పుడు అమ్మ మొదటిసారి నోరు విప్పింది. ఆమె హిందీ బజారు హిందీ, అయినా ఆ రోజు ఒక్కో మాటా ఏరుకుని చెప్పింది. నా భర్తకు చెవులు వినపడవు, నా పెదవులు చూసే ఆయనకు మాట తెలుస్తుంది, పెదవి ఆగిపోతే ఎట్లా అని.

డాక్టరమ్మ బాపును చూసింది. ఆయనకు ఏం జరుగుతుందో తెలియక ఆమెకు నమస్కారం పెట్టాడు.

ఆసుపత్రి మెట్ల దగ్గర అమ్మ బాపును ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా పెదవులతో చెప్పింది. నేను పక్కనే నిలబడి చదువుతున్నాను. కొన్నాళ్ళు ఆగుదామంది. నొప్పి లేదు కదా అంది. చేయించుకుంటే ఎడమ దిక్కు పెదవి పడిపోతదంట, ఇగ నా మాట నీకు తెల్వదు అంది. బాపు ఆఖరిదాకా చూశాడు. తర్వాత ఆయన గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు, మెట్లమీద వాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"ముప్పై ఏండ్లు నీ తిట్లన్ని చదివిన. కొన్ని చదవకపోతే నాకే మంచిది. చేయించుకో."

అమ్మ చేతిలోని ఫైలుతో ఆయన మోకాలి మీద కొట్టింది. నవ్వింది కూడా. ఆ తర్వాత చాలాసేపు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. కాలి ఎముక ముక్క తెచ్చి దవడలో పెట్టారు. మొదటి పది రోజులు గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, మాట లేదు. ఆ పది రోజులూ మా బాపు గొప్పగా ఉన్నాడు. ఆ వార్డులో గొంతు లేకుండా గడపడం తెలిసిన మనిషి ఆయనొక్కడే. అమ్మ చూపుడువేళ్ళు ఆనించి విడదీసేది. పోగు తెగిందని. ఆయన లేచి నర్సు దగ్గరికి పోయి, నొప్పిగా ఉందట అని చెప్పేవాడు. పిడికిలి గుండ్రంగా తిప్పేది. సెలైన్ సీసా అయిపోవచ్చిందని. వార్డులోకి పెద్ద డాక్టరమ్మ వస్తుంటే బాపు చెవి పట్టుకుని చూపించేవాడు, సేఠ్ వస్తున్నాడని. గొట్టాలతోనే అమ్మ భుజాలు కదిలేవి నవ్వుకు.

గొట్టం తీశాక, వాపు తగ్గాక, ఒక మధ్యాహ్నం ఆమె మొదటిసారి పెదవులతో మాట్లాడింది. నేను గ్లాసు కడుగుతున్నాను. బాపు ఎదురుగా స్టూలు మీద ఉన్నాడు. కుడివైపు పెదవి కదిలింది. ఎడమవైపుది కిందికి జారి అలాగే ఉండిపోయింది. మాట మధ్యలో విరిగిపోయింది. బాపు ముందుకు వంగాడు.

"ఏందీ?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన ఇంకా వంగాడు. తల పక్కకు పెట్టి చూశాడు, సాంచెల మధ్య దూరంగా ఉన్నవాళ్ళను చూసినట్టు.

"ఏందే, మల్లొకసారి."

మూడోసారి చెప్పలేదు అమ్మ. నావైపు తిరిగింది. గొంతు తీసింది. ముద్దగా, తడబడుతూ వచ్చింది మాట. ఆయన అన్నం తిన్నడో లేదో అడుగు, అని. నేను బాపు ముందుకు వెళ్ళి నిదానంగా పెదవులు కదిపి అడిగాను. తిన్నానన్నాడు. ఆ సాయంత్రం ఆయన వార్డు బయట, లిఫ్టు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉండగా చూశాను. తన కింది పెదవి ఎడమ సగాన్ని వేలితో నొక్కిపట్టి, కుడి సగంతో ఏదో మాట అని చూసుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి దించేశాడు.

తర్వాత నోటికి రేడియేషన్ పెట్టారు. ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు, అదే షేర్ ఆటో, అదే లోకల్. దాంతో నోట్లో ఉమ్మి ఊరడం తగ్గిపోయింది. ఇప్పుడు అమ్మ ఎక్కడికెళ్ళినా నీళ్ళసీసా ఉండాలి. ఆమె పని మానలేదు, ఇంట్లోనే కూర్చుని తెగిన నూలు సరిచేసి ఇస్తుంది. ముడి వేసే ముందు అలవాటుగా వేళ్ళు నాలుక దగ్గరికి పోతాయి. నాలుక పొడిగా ఉంటుంది. వేళ్ళు సీసా మూతలోని నీళ్ళలో ముంచుకుంటుంది. తోక కత్తిరించడానికి కత్తెర మెడలో దారానికి కట్టుకుంది.

ఈ గడ్డ ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చునట. అదే చోటికి రావచ్చు, ఊపిరితిత్తుల్లోకి రావచ్చు. రాకపోవచ్చు కూడా. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఆ ఆర్నెల్లలో నేను ఎన్నిసార్లు పాప నోట్లో టార్చి వేసి చూస్తానో మా ఆయనకు మాత్రమే తెలుసు. అమ్మకు వచ్చింది అరుదైనది, బిడ్డకు సంక్రమించేది కాదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అయినా పళ్ళు తోమే నెపంతో చూస్తాను. పాపకు విసుగొచ్చి ఒకరోజు అంది. "మమ్మీ, చెండూ అమ్మమ్మకే ఉండె. నాకు లేదు. బస్ కర్."

పాప ఇంకో పని కూడా చేస్తోంది. తాతతో మాట్లాడేటప్పుడు పెదవి ఎడమవైపు కిందికి లాగి, ఒక పక్కతోనే మాట్లాడుతుంది. తాతతో మాట్లాడే పద్ధతే అదనుకుంటోంది. మొదటిసారి చూసి నేను చెయ్యెత్తాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "కొట్టకు. దానికేం ఎరుక."

ఇప్పుడు అమ్మా బాపూ సైగలతోనే గడుపుతున్నారు. ఆ సైగలు సాంచెలకోసం పుట్టినవి, వాటిలో పనిమాటలు తప్ప లేవు. పోగు తెగింది, కండె అయిపోయింది, సాంచె ఆపు, చాయ్. పెళ్ళిళ్ళ ముచ్చట్లు, వదిన మీద జోకులు, పాత తిట్లు, ఇవేవీ వాటిలో పట్టవు. బాపు ఇదివరకటి కన్నా ఎక్కువసేపు నిద్రపోతాడు. అమ్మకు ఏదైనా పొడుగ్గా చెప్పాలనిపిస్తే నేను వచ్చేదాకా దాచిపెడుతుంది. ఆదివారం నేను కూర్చుంటే, ముద్దమాటతో ఒక్కొక్కటీ నాకు చెబుతుంది, నేను బాపుకు పెదవులతో అందిస్తాను. ఆయన నన్ను చూసి నవ్వుతాడు. కానీ నవ్వే ముందు ఒకసారి ఆమెవైపు చూస్తాడు.

మొన్నటి ఆదివారం ఆర్నెల్ల చెక్కింగ్‌కు ముందురోజు. బాపు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాప నేలమీద రంగులు వేసుకుంటోంది. అమ్మ ప్రార్థనకు కూర్చుంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆమె బయటికి పోతే కొంగు నోటిమీదే ఉంటుంది, మచ్చ కనపడకుండా. ఇంట్లో ప్రార్థనకు మాత్రం ఇప్పుడు కొంగు పెట్టుకోవడం లేదు. అవసరం లేదు కదా. నేను ఎదురుగా కూర్చుని ఆమె పెదవులు చూశాను. కుడి సగం కదులుతోంది. చాలా ప్రయత్నించాను. 'ప్రభువా' ఒక్కటే తెలిసింది. ఆ తర్వాత ఏం అడుగుతోందో, తనకోసమో, బాపుకోసమో, రేపటి ఫలితం కోసమో, ఒక్క మాటా పట్టుకోలేకపోయాను.

ఆమె కళ్ళు తెరిచాక అడిగాను.

"ఏం ప్రార్థన చేసినవమ్మా?"

అమ్మ నన్ను చూసింది. గొంతు తీసి, నిదానంగా అంది. "చదవరాలేదా?"

"రాలే."

"ఆనాడు చదివినవు గద."

ఆనాడు ఏదో నాకు తెలుసు. డబ్బీ నాటి రోజు. నేను ముఖం తిప్పుకోవడం ఆమె చూసింది. ఇన్నాళ్ళూ, గొట్టాల మధ్య, రైళ్ళలో, నేను నోరు తుడుస్తుంటే, మందు పోస్తుంటే, ఆ సంగతి ఆమెకు తెలిసే ఉంది.

"చదివిన" అన్నాను. "నమ్మలేదమ్మా. తప్పయింది."

ఈ మాట కోసం ఎన్నో రోజులుగా చాలా పెద్దపెద్ద వాక్యాలు తయారుచేసుకున్నాను. వచ్చింది అంతే. అమ్మ కుడివైపు పెదవి కొంచెం కదిలింది, ఏదో అనబోయినట్టు. మళ్ళీ ఆగింది. తర్వాత పిడికిలి పట్టి, బొటనవేలు నోటివైపు వంచింది.

చాయ్.

ఆ సైగకు ఇంకో అర్థం లేదు. నేను లేచి పాలు పొయ్యిమీద పెట్టాను. అమ్మ కోసం చాయ్ విడిగా చల్లార్చాలి, పెదవికి వేడి తెలియదు, రెండుసార్లు కాలింది. సాసర్లో పోసి, ఊది, వేలు పెట్టి చూసి ఇచ్చాను. బాపుకు గ్లాసు ఇచ్చాను. ఆయన తన గ్లాసు పట్టుకుని తాగకుండా ఎదురుగా ఉన్న అమ్మ నోటినే చూస్తున్నాడు, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ.

ఆమె రెండు గుక్కలు తాగింది. ఎడమ దిక్కు పెదవి కొస నుంచి చాయ్ చుక్క ఒకటి జారి గదవ మీదికి వచ్చింది. ఆమెకు తెలియలేదు. బాపు గ్లాసు కింద పెట్టాడు. చూపుడువేలు ఎత్తి తన పెదవి ఎడమ కొసను రెండుసార్లు తాకి చూపించాడు. ఆ సైగ కార్ఖానాలో లేదు. అమ్మ ఆయన వేలు చూసి, కొంగుతో తుడుచుకుంది.